వీడియో అడిగింది మనం, బిల్లు మాత్రం వెబ్‌సైట్‌కా?

స్పీడ్ టెస్ట్ చేస్తే ప్లాన్‌లో చెప్పిన స్పీడ్ మొత్తం వచ్చేస్తుంది, కానీ రాత్రి తొమ్మిదింటికి ఒక వీడియో పెడితే మాత్రం స్క్రీన్ మధ్యలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. రౌటర్ ఆపి ఆన్ చేస్తాం, ఫోన్ రీస్టార్ట్ చేస్తాం, ఏం మారదు. ఎవరో చెప్పారని వీపీఎన్ ఆన్ చేస్తే అదే వీడియో, అదే కనెక్షన్, అదే టైమ్, ఆగకుండా ఆడేస్తుంది. ఆలోచిస్తే ఇది చాలా విచిత్రమైన విషయం, ఎందుకంటే వీపీఎన్ అంటే డేటా మధ్యలో ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా చుట్టు తిరిగి రావడం, స్పీడ్ తగ్గాలి గానీ పెరగకూడదు. 2014లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ చూసేవాళ్ళు చాలామంది సరిగ్గా ఇదే గమనించారు. వాళ్ళ ఇంటి లైన్‌లో తప్పు లేదు, నెట్‌ఫ్లిక్స్ సర్వర్‌లో తప్పు లేదు, మరి ఇబ్బంది ఎక్కడుంది అంటే ఈ రెంటికీ మధ్యలో, మనకెవరికీ కనపడని ఒక చోట ఉంది. ఇంటర్నెట్ ప్రొవైడర్లు వెబ్‌సైట్ల దగ్గర డబ్బులు వసూలు చేయాలా వద్దా అనే గొడవ మొత్తం ఆ ఒక్క చోటు చుట్టూనే తిరుగుతోంది కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం.

ఇంటర్నెట్ అనేది ఒకటే పెద్ద నెట్‌వర్క్ అని చాలామంది అనుకుంటారు, కాదు. ప్రపంచంలో 70 వేలకు పైగా విడివిడి నెట్‌వర్క్‌లు ఉన్నాయి, ప్రొవైడర్లవి కొన్ని, యూనివర్సిటీలవి కొన్ని, గూగుల్ లాంటి కంపెనీలవి కొన్ని, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలుపుకోవడం వల్లే మనకి అది ఒకటే అనిపిస్తుంది. కలుపుకోవడం ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ట్రాన్సిట్: నువ్వు నన్ను మిగతా ప్రపంచం మొత్తానికి కలుపు, నేను నీకు డబ్బులిస్తాను అనే పద్ధతి. రెండోది పీరింగ్: నీ కస్టమర్లు నా దగ్గరికి రావాలి, నా కస్టమర్లు నీ దగ్గరికి రావాలి, మధ్యలో ఇంకొకడికి డబ్బులెందుకు, మనిద్దరం నేరుగా ఒక కేబుల్ వేసుకుందాం, ఎవరి ఖర్చు వాళ్ళం పెట్టుకుందాం అనే పద్ధతి. ఈ రెండోదాంట్లో మామూలుగా ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ 2016లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా పీరింగ్ ఒప్పందాలను పరిశీలిస్తే వాటిలో కాగితం మీద రాసుకున్నవి 1,347 మాత్రమే, అంటే వెయ్యికి ఒకటి కూడా కాదు! మిగతావన్నీ నోటిమాట మీద నడుస్తున్నాయి. ప్రపంచం మొత్తం ఆధారపడిన ఒక వ్యవస్థ ఇంత నమ్మకం మీద నడుస్తోందని నాకు మొదటిసారి తెలిసినప్పుడు నిజంగా ఆశ్చర్యమేసింది, ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే గౌరవంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ చోటుని దగ్గరగా చూడండి. ఒక బిల్డింగ్, లోపల చల్లటి హాల్, వరసగా ర్యాకులు. ఒక ర్యాక్‌లో ఒక నెట్‌వర్క్ రౌటర్, కొంచెం దూరంలో ఇంకో నెట్‌వర్క్ రౌటర్, రెంటి మధ్యా ఫైబర్ కేబుల్స్. రౌటర్‌లో ఒక్కో పోర్ట్‌కి ఇంత అని కెపాసిటీ ఉంటుంది, అప్పట్లో మామూలుగా 10 గిగాబిట్లు. ట్రాఫిక్ పెరిగితే ఇంకో పోర్ట్ తెరిచి ఇంకో కేబుల్ పెడతారు, అంతే పని. 2014 జూలైలో లెవెల్ 3 అనే ట్రాన్సిట్ కంపెనీ, వెరైజన్ అనే ప్రొవైడర్ మధ్య సరిగ్గా దీని గురించే బహిరంగంగా మాటల యుద్ధం జరిగింది. మా నెట్‌వర్క్ లోపల ఎక్కడా రద్దీ లేదు, నెట్‌ఫ్లిక్స్ డేటా వచ్చే ఆ గుమ్మం దగ్గరే ఇరుకుగా ఉంది అని వెరైజన్ స్వయంగా బొమ్మ గీసి చూపించింది. దానికి లెవెల్ 3 వాళ్ళు, లాస్ ఏంజెలెస్‌లో మీ రౌటరూ మా రౌటరూ ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయి, ఇంకొన్ని 10 గిగాబిట్ పోర్టులు కలిపితే ఐదు నిమిషాల్లో తీరిపోయే సమస్య ఇది, ఆ పోర్టులుండే కార్డులు కొనడానికి మీకు డబ్బుల ఇబ్బంది ఉంటే అవి కూడా మేమే కొనిస్తాం అన్నారు. అదే సంవత్సరం మేలో వాళ్ళు చెప్పిన ఇంకో విషయం, తమతో పీరింగ్ ఉన్న 51 నెట్‌వర్క్‌లలో ఆరు మాత్రం ఏడాదికి పైగా పోర్టులు నిండిపోయి ఉన్నా పెంచడానికి ఒప్పుకోవట్లేదు అని, ఆ ఆరూ పెద్ద బ్రాడ్‌బ్యాండ్ ప్రొవైడర్లే, ఐదు అమెరికాలో, ఒకటి యూరప్‌లో.

అంటే వెబ్‌సైట్ దగ్గర డబ్బులు తీసుకోవాలంటే ప్రొవైడర్ ఏ సైట్‌నీ బ్లాక్ చేయక్కర్లేదు, ఏ సైట్ స్పీడ్‌నీ కావాలని తగ్గించక్కర్లేదు. ఊరికే ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు. ట్రాఫిక్ దానంతటదే పెరుగుతుంది, పోర్ట్ దానంతటదే నిండుతుంది, రాత్రి వీడియో ఆగిపోతుంది, చివరికి వెబ్‌సైట్ వాళ్ళే బేరానికి వస్తారు. వీపీఎన్ పెడితే ఎందుకు బాగా ఆడిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది, డేటా ఆ నిండిపోయిన గుమ్మం కాకుండా ఖాళీగా ఉన్న వేరే గుమ్మంలోంచి వచ్చింది కాబట్టి.

అమెరికాలో పెద్ద ప్రొవైడర్ కామ్‌కాస్ట్, నెట్‌ఫ్లిక్స్ కథ ఇదే దారిలో నడిచింది. 2013 చివర్లో కామ్‌కాస్ట్ కస్టమర్లకి నెట్‌ఫ్లిక్స్ స్పీడ్ పడిపోతూ వచ్చింది, నెట్‌ఫ్లిక్స్ తన సొంత లెక్కల్లో 2014 జనవరికి సగటు 1.51 మెగాబిట్లు అని చూపించింది. ఫిబ్రవరిలో కామ్‌కాస్ట్‌కి డబ్బులు కట్టి నేరుగా కనెక్ట్ అవడానికి ఒప్పందం చేసుకున్నారు. మార్చికల్లా అదే లెక్కలో 2.50 మెగాబిట్లు. నెలా రెండు నెలల్లో ఎవరూ ఎవరి ఇంటి ముందూ కొత్తగా గుంతలు తవ్వలేదు, కొత్త కేబుల్ వేయలేదు, ఒప్పందం కుదిరింది, గుమ్మం తెరుచుకుంది. ఆ తర్వాత అదే సంవత్సరం వెరైజన్, ఏటీ అండ్ టీ, టైమ్ వార్నర్ కేబుల్‌తో కూడా నెట్‌ఫ్లిక్స్ ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఒకరికి కట్టాక రెండోవాడు అడక్కుండా ఎలా ఉంటాడు.

ప్రొవైడర్ల వైపు వాదన కూడా సరిగ్గా వినాలి, అందులో అంతా అబద్ధం ఏమీ లేదు. పీరింగ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా ఉండాలి, నెట్‌ఫ్లిక్స్ లాంటి వాళ్ళు పంపేది కొండంత, తీసుకునేది గోరంత, అలాంటప్పుడు ఉచితంగా ఎందుకు కలపాలి అంటారు. నెట్‌ఫ్లిక్స్ తన ట్రాఫిక్‌ని చవకగా దొరికే ట్రాన్సిట్ కంపెనీల మీదకి మళ్ళించింది కాబట్టే ఆ పోర్టులు నిండాయి అని కూడా అన్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ ఈ సమానం అనే మాట దగ్గర నాకు ఒకటి అస్సలు మింగుడుపడదు. ఇళ్ళకి ప్లాన్లు అమ్మేది ఎవరు? వాళ్ళే కదా. డౌన్‌లోడ్ స్పీడ్ చాలా ఎక్కువ, అప్‌లోడ్ స్పీడ్ అందులో పదోవంతు, ఇరవయ్యోవంతు ఇచ్చి కేబుల్ ప్లాన్లు అమ్మింది వాళ్ళే. కస్టమర్లు కేవలం దించుకునేలాగే లైన్ తయారుచేసి, ఆ తర్వాత అవతలివాడు ఎక్కువ పంపుతున్నాడు అంటే ఎలా? ఇళ్ళకి నెట్ ఇచ్చే ఏ ప్రొవైడర్‌కీ వచ్చే డేటా, పోయే డేటా సమానంగా ఉండే అవకాశమే లేదు.

ఇంకో మాట, పంపడం అనే మాటే అసలు తప్పుదారి పట్టిస్తుంది. ఏ వెబ్‌సైటూ తనంతట తను డేటా తెచ్చి ఎవరి నెట్‌వర్క్‌లోనూ పడేయదు. మనం ఫోన్ తీసి బొమ్మ మీద వేలు పెడితేనే ఒక చిన్న రిక్వెస్ట్ వెళ్తుంది, దానికి జవాబుగా వీడియో వస్తుంది. అడిగిందీ మనమే, ఆ డేటా మన దాకా రావడానికి నెల నెలా డబ్బులు కట్టిందీ మనమే. ప్రొవైడర్ మనకి అమ్మిన సరుకే అది, మొత్తం ఇంటర్నెట్‌ని నీ దగ్గరికి తెస్తాను అని చెప్పి అమ్మాడు. అదే డేటాకి, అదే ప్రయాణానికి, ఇంకోసారి అవతలి వైపు నుంచి కూడా తీసుకుంటానంటే ఒకే పనికి రెండు చోట్ల కూలి అడిగినట్టు.

మరి వెబ్‌సైట్లు ఫ్రీగా వాడేసుకుంటున్నాయి అనే మాట ఎక్కడిది? 2005లో ఎస్‌బీసీ అనే అమెరికన్ టెలిఫోన్ కంపెనీ అధిపతి ఎడ్ వైటేకర్ ఒక ఇంటర్వ్యూలో, వీళ్ళు నా పైపుల్ని ఉచితంగా వాడుకోవాలనుకుంటున్నారు, అది నేను జరగనివ్వను అన్న అర్థంలో మాట్లాడాడు. అంతకు రెండేళ్ళ ముందే, 2003లో, టిమ్ వూ అనే లా ప్రొఫెసర్, ప్రొవైడర్ అన్ని సైట్ల డేటానీ ఒకేలా చూడాలి అనే అర్థంలో నెట్ న్యూట్రాలిటీ అనే మాట పుట్టించి ఉన్నాడు, కానీ జనంలోకి ఆ గొడవ గట్టిగా వెళ్ళింది వైటేకర్ మాటల తర్వాతే. నిజానికి వెబ్‌సైట్లు ఏదీ ఉచితంగా వాడట్లేదు. చిన్న సైట్ అయితే హోస్టింగ్ కంపెనీకి కడుతుంది, ఆ హోస్టింగ్ కంపెనీ ట్రాన్సిట్‌కి కడుతుంది. పెద్ద కంపెనీలైతే సొంతంగా సముద్రం కింద కేబుల్స్ వేసుకుంటున్నాయి, 2017లో పూర్తయిన మరేయా అనే కేబుల్ అమెరికా నుంచి స్పెయిన్ దాకా 6,600 కిలోమీటర్లు, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ కలిసి వేయించిందే. ఇంకా నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఓపెన్ కనెక్ట్ అని, గూగుల్ వాళ్ళు గ్లోబల్ క్యాష్ అని (ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, కాపీ దగ్గర్లో దాచిపెట్టుకోవడం), హార్డ్ డిస్కులతో నిండిన సర్వర్ పెట్టెల్ని ప్రొవైడర్ల బిల్డింగుల్లోనే పెడతారు. జనం ఎక్కువగా చూసే వీడియోలన్నీ తెల్లవారుజామున ఎవరూ వాడని టైమ్‌లో ఆ పెట్టెల్లోకి నింపుకుంటారు, రాత్రికి జనం చూసేటప్పుడు డేటా ఊరవతల నుంచి కాకుండా పక్కనుంచే వస్తుంది. అంటే డేటాని ఖండాలు దాటించే ఖర్చులో పెద్ద భాగం వెబ్‌సైట్ వైపే పడుతోంది. ప్రొవైడర్‌కి మిగిలేది చివరి భాగం, మన ఇంటి దాకా వచ్చే లైన్, దానికే మనం కట్టేది.

ఆ చివరి లైన్ ఖర్చు గురించి ఒకటి తెలుసుకోవాలి. ఫైబర్ వేయడంలో అసలు ఖర్చు తవ్వకం, పర్మిషన్లు, స్తంభాలు, మనుషుల కూలి. ఒకసారి వేశాక ఆ లైన్‌లో గంట వీడియో చూసినా పది గంటలు చూసినా ప్రొవైడర్‌కి పెరిగే ఖర్చు చాలా తక్కువ. యూరప్ టెలికాం రెగ్యులేటర్ల సంఘం బెరెక్ 2022 అక్టోబర్‌లో చెప్పింది కూడా ఇదే, ఫిక్స్‌డ్ లైన్లలో ట్రాఫిక్‌ని బట్టి ఖర్చు పెద్దగా మారదు, మొబైల్‌లో కొంతవరకు మారుతుంది, వెబ్‌సైట్లు ఉచితంగా వాడుకుంటున్నాయి అనడానికి మాకు ఆధారం కనపడలేదు అని. మొబైల్ విషయంలో నేను ప్రొవైడర్ల బాధ కొంత ఒప్పుకుంటాను, స్పెక్ట్రమ్ వేలంలో కొనాలి, టవర్లు పెంచాలి, ఒక టవర్ కింద అందరూ ఒకే గాలిని పంచుకోవాలి, పైగా మెసేజింగ్ యాప్‌లు వచ్చాక ఎస్సెమ్మెస్ ఆదాయం, కాల్స్ ఆదాయం పోయాయి. కానీ దానికి దారి కస్టమర్ ప్లాన్ ధరలోనే ఉంది. కాల్స్ ఆదాయం పోయిన అదే యాప్‌ల వల్లే జనం డేటా ప్యాక్‌లు కొంటున్నారు, చూడటానికి ఏమీ లేకపోతే ఆ స్పీడ్ ఎవరికి కావాలి?

ఇక్కడ అందరూ కలిపేసి గందరగోళం చేసే మూడు విషయాలు విడదీయాలి. డబ్బులిచ్చిన సైట్ డేటాని రోడ్డు మీద ముందు పంపి మిగతావాళ్ళని వెనక ఆపడం ఒకటి. ఫలానా యాప్ వాడితే డేటా కట్ అవ్వదు అని ఇవ్వడం ఇంకొకటి, దీన్ని జీరో రేటింగ్ అంటారు, ఇండియాలో 2015లో ఎయిర్‌టెల్ జీరో మీద, ఆ తర్వాత ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ మీద లక్షల మంది మన టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్‌కి మెయిల్స్ పంపింది దీని గురించే, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ దాన్ని ఆపేసింది. ఈ రెండూ జనానికి బాగా తెలుసు. మూడోది మనం ఇప్పటిదాకా మాట్లాడుకుంటున్నది, అసలు గుమ్మం దాటి లోపలికి రావడానికే రుసుము. చాలా చట్టాలు మొదటి రెంటినీ పట్టుకుని మూడోదాన్ని వదిలేశాయి, ఎందుకంటే అది ప్రొవైడర్ నెట్‌వర్క్ లోపల జరగదు, అంచున జరుగుతుంది. ట్రాయ్ 2017 సిఫార్సుల్లో కూడా, 2018 జూలైలో కేంద్రం ఒప్పుకున్నప్పుడు కూడా, క్యాష్ సర్వర్ల నెట్‌వర్క్‌లని న్యూట్రాలిటీ నియమాల బయటే ఉంచారు.

బేరంలో ప్రొవైడర్‌కి అంత బలం ఎక్కడనుంచి వస్తుందంటే, మన ఇంటికి వచ్చే దారి ఒక్కటే కాబట్టి. నెట్‌ఫ్లిక్స్ పది ట్రాన్సిట్ కంపెనీలు మార్చుకోవచ్చు, కానీ ఫలానా ఇంట్లో కూర్చున్న మనిషిని చేరాలంటే ఆ ఇంటి ప్రొవైడర్ గుమ్మం దాటక తప్పదు. ప్రొవైడర్ మార్కెట్లో చిన్నవాడా పెద్దవాడా అన్నది కాదు, తన కస్టమర్ల వరకు మాత్రం ప్రతి ప్రొవైడరూ గుత్తాధిపతే. పైగా వీడియో ఆగిపోతే మనం ఎవర్ని తిడతాం? యాప్‌ని తిడతాం, ఈ యాప్ బాగోలేదు అని తీసేస్తాం. ప్రొవైడర్‌ని మార్చాలంటే మనిషి రావాలి, లైన్ మార్చాలి, చాలాచోట్ల ఇంకో ప్రొవైడరే ఉండడు. నష్టం ఒకళ్ళకి, తాళంచెవి ఇంకొకళ్ళ దగ్గర, అలాంటప్పుడు బేరం ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఫోన్ల కాలంలో ఇది ఇప్పటికే ఒకసారి జరిగింది. కాల్ చేసినవాడి కంపెనీ, కాల్ అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి ఇంత అని ఇవ్వాలి అని రూల్. అమెరికాలో పల్లెటూరి టెలిఫోన్ కంపెనీలకి ఈ రేటు చాలా ఎక్కువ పెట్టారు, పాపం ఖర్చులెక్కువ అని. దాంతో అయోవా లాంటి చోట్ల చిన్న కంపెనీలు ఉచిత కాన్ఫరెన్స్ కాల్ సర్వీసుల్ని తెచ్చి తమ ఊళ్ళో పెట్టుకున్నాయి, దేశం నలుమూలల నుంచీ జనం గంటలు గంటలు అక్కడికి ఫోన్లు చేస్తారు, నిమిషానికి ఇంత అని వచ్చిన డబ్బు ఇద్దరూ పంచుకుంటారు. చివరికి 2011లో అక్కడి టెలికాం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ ఈ వసూళ్ళని మెల్లమెల్లగా సున్నాకి దించుతున్నాం అని నిర్ణయించింది. ఇండియాలో కూడా ఇలాంటి చార్జీనే, ఐయూసీ అని, 2017లో 14 పైసల నుంచి 6 పైసలకి తగ్గించి 2021 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేశారు. ఫోన్లలో ఇంతకాలం వాడి చూసి వద్దనుకున్న పద్ధతినే ఇంటర్నెట్‌కి తెమ్మంటున్నారు ఇప్పుడు.

తెచ్చిన దేశం ఒకటి ఉంది, దక్షిణ కొరియా. అక్కడ జరిగింది కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మిగతావన్నీ ఊహలు, వాదనలు, ఇది మాత్రం కళ్ళముందు జరిగిన ప్రయోగం. 2016 నుంచి అక్కడి పెద్ద ప్రొవైడర్లు ఒకరికొకరు పంపుకునే ట్రాఫిక్‌కి లెక్కకట్టి డబ్బులిచ్చుకోవాలి అని ప్రభుత్వం రూల్ పెట్టింది, పంపిన ప్రొవైడర్ అందుకున్న ప్రొవైడర్‌కి కట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. అప్పటికే ఫేస్‌బుక్ తన క్యాష్ సర్వర్‌ని కేటీ అనే ప్రొవైడర్ దగ్గర పెట్టుకుంది, మిగతా రెండు ప్రొవైడర్లు ఎస్‌కే, ఎల్‌జీ కస్టమర్లు కూడా అక్కడినుంచే తెచ్చుకునేవాళ్ళు. కొత్త రూల్ రాగానే ఏమైందంటే, పక్క ప్రొవైడర్ కస్టమర్ ఫేస్‌బుక్ తెరిచిన ప్రతిసారీ కేటీ చేతి డబ్బు కట్టాలి! జనానికి కావాల్సిన సరుకు తన దగ్గర పెట్టుకున్నందుకు కేటీకి నష్టం. కేటీ ఆ భారం ఫేస్‌బుక్ మీద వేసింది, ఫేస్‌బుక్ 2016 చివర్లో, 2017 మొదట్లో ఆ రెండు కంపెనీల ట్రాఫిక్‌ని హాంకాంగ్ లాంటి బయటి చోట్లకి మళ్ళించింది. పక్కనే సర్వర్ ఉండగా డేటా సముద్రం దాటి వచ్చేది, జనానికి స్లో అయింది. కొరియా కమ్యూనికేషన్స్ కమిషన్ 2018లో ఫేస్‌బుక్‌కి 39 కోట్ల 60 లక్షల వాన్ జరిమానా వేసింది, ఫేస్‌బుక్ కోర్టుకెళ్ళింది, 2019లో గెలిచింది, 2020లో అప్పీల్లో గెలిచింది, 2023 చివర్లో సుప్రీం కోర్టులో కూడా గెలిచింది. ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్, నెట్‌ఫ్లిక్స్ మధ్య ఇంకో కేసు, 2021లో కింది కోర్టు నెట్‌ఫ్లిక్స్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, రెండేళ్ళు కొట్లాడుకుని 2023 సెప్టెంబర్‌లో ఇద్దరూ కేసులు వెనక్కి తీసుకుని భాగస్వాములైపోయారు.

ఫేస్‌బుక్, నెట్‌ఫ్లిక్స్ ఏదోలా తట్టుకుంటాయి. ట్విచ్ సంగతి చూడండి. ఆటలు ఆడుతూ లైవ్ పెట్టుకునేవాళ్ళ సైట్ అది, అలాంటి ఆటలకి కొరియా పుట్టిల్లు లాంటిది. 2022 సెప్టెంబర్‌లో అక్కడ వీడియో క్వాలిటీని 720పీ కి దించారు, తర్వాత పాత రికార్డింగులు చూసే సదుపాయం ఆపేశారు, ఖర్చు కొంత తగ్గినా, మిగతా చాలా దేశాలతో పోలిస్తే నెట్‌వర్క్ రుసుము ఇంకా పది రెట్లు ఎక్కువ అని కంపెనీ అధిపతి డాన్ క్లాన్సీ 2023 డిసెంబర్‌లో ప్రకటించి, 2024 ఫిబ్రవరి 27న ఆ దేశంలో వ్యాపారం మూసేశారు. ట్విచ్ వెనకాల అమెజాన్ ఉంది, గుర్తుపెట్టుకోండి. అమెజాన్ అండ ఉన్న కంపెనీకే అక్కడ గిట్టుబాటు కాలేదంటే రేపు కొత్తగా ఎవరో నలుగురు కలిసి పెట్టుకునే వీడియో సైట్ ఎలా బతుకుతుంది? ఏళ్ళ తరబడి అక్కడ రాత్రిళ్ళు లైవ్ చేసి ఒక్కొక్కరినీ చూసేవాళ్ళని పోగేసుకున్నవాళ్ళు అన్నీ వదిలేసి వేరే సైట్‌కి పోయి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. వెబ్‌సైట్లకి క్యాష్ నెట్‌వర్క్ నడిపే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2016లోనే రాసింది, ప్రపంచమంతా బ్యాండ్‌విడ్త్ ధర పడిపోతుంటే పెరుగుతున్న దేశం బహుశా కొరియా ఒక్కటే అని.

పెద్ద కంపెనీల దగ్గరే తీసుకుంటాం, చిన్నవాళ్ళ జోలికి రాం అని ప్రొవైడర్లు అంటుంటారు. ఈ మాట నన్ను ఒకప్పుడు కొంచెం ఆలోచనలో పడేసింది, లాభాలు అంత ఉన్నాయి కదా కడితే ఏం పోయింది అనిపించింది. కానీ చిన్న సైట్లు ఈ రోజు ఎక్కడ నడుస్తున్నాయి? పెద్ద క్లౌడ్ కంపెనీల మీద, పెద్ద క్యాష్ నెట్‌వర్క్‌ల మీదే. వాళ్ళకి రుసుము పడితే అది బిల్లులో కిందికి దిగి చిన్నవాడి దాకా వస్తుంది. చందా కట్టి చూసే సర్వీస్ అయితే చందా పెరుగుతుంది, అంటే చుట్టు తిరిగి మళ్ళీ మన దగ్గరికే. ఒకసారి రుసుము ఇంత అని ఖాయమయ్యాక అది కట్టగలిగిన పెద్దవాళ్ళకి ఆ రుసుమే గోడ అవుతుంది, కొత్తవాడు లోపలికి రాలేడు. ఈ కంపెనీలు మరీ పెద్దవైపోయాయి అన్న కోపం నాకూ ఉంది, దానికి పన్నులున్నాయి, పోటీ చట్టాలున్నాయి, పల్లెలకి లైన్లు వేయడానికి డబ్బు కావాలంటే అందరి ముందూ లెక్క చెప్పే ఫండ్ పెట్టి వసూలు చేయొచ్చు. ఒక ప్రైవేట్ కంపెనీ ఇంకో ప్రైవేట్ కంపెనీ దగ్గర గది తలుపులేసుకుని తీసుకున్న డబ్బు పల్లెలో ఫైబర్‌గా మారుతుందని ఎవరు హామీ ఇస్తారు?

యూరప్‌లో పెద్ద టెలికాం కంపెనీల సంఘం ఎట్నో 2022లో ఫెయిర్ షేర్ అనే పేరుతో ఇదే అడిగింది, అప్పటి యూరోపియన్ యూనియన్ కమిషనర్ థియరీ బ్రెటన్ 2023 ఫిబ్రవరిలో దాన్ని జనాభిప్రాయానికి పెట్టారు, వచ్చిన స్పందనల్లో ఎక్కువ భాగం వ్యతిరేకంగానే ఉన్నాయి. అయినా జర్మనీలో వేరే దారిలో వచ్చింది. అక్కడి పెద్ద ప్రొవైడర్ డాయిష్ టెలికామ్, ఫేస్‌బుక్ కంపెనీ మెటా మధ్య డబ్బులిచ్చే పీరింగ్ ఒప్పందం ఉండేది, అది ముగిశాక ధర మీద మాట కుదరలేదు, మెటా కట్టడం ఆపేసింది గానీ కనెక్షన్ మాత్రం అలాగే వాడుకుంది. 2024 మేలో కొలోన్ కోర్టు సుమారు 2 కోట్ల యూరోలు కట్టమంది, సెప్టెంబర్‌లో మెటా నేరు కనెక్షన్లు పీకేసి వేరే ట్రాన్సిట్ కంపెనీ ద్వారా పంపడం మొదలుపెట్టింది. ఇద్దరు మహా పెద్దవాళ్ళ గొడవ ఇది, ఇందులో నాకు ఎవరి మీదా జాలి లేదు. ఇద్దరూ ఇష్టపడి ధర మాట్లాడుకుంటే అది వ్యాపారం, తప్పు లేదు. ఇంకో దారి లేకుండా గుమ్మం ఇరుకు చేసి అడగడమే తప్పు, ఈ రెంటి మధ్య గీత గీయడమే రెగ్యులేటర్ల పని.

అమెరికాలో ఆ గీత నిలవట్లేదు. 2010లో రూల్స్ పెట్టారు, 2014 జనవరిలో కోర్టు చాలావరకు కొట్టేసింది, కామ్‌కాస్ట్ ఒప్పందం జరిగింది ఆ తర్వాతి నెలలోనే. 2015లో ఎఫ్‌సీసీ గట్టి రూల్స్ తెచ్చి గుమ్మం దగ్గర గొడవల్ని కూడా ఒక్కో కేసుగా చూస్తామంది, 2017లో ఇంకో ప్రభుత్వం వచ్చి తీసేసింది, 2024 ఏప్రిల్‌లో మళ్ళీ తెచ్చారు, 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అనే అప్పీళ్ళ కోర్టు మళ్ళీ కొట్టేసింది. ఇప్పుడు అక్కడ నిలబడి ఉన్నవి రాష్ట్రాల చట్టాలు, వాటిలో గట్టిది కాలిఫోర్నియా 2018లో చేసింది, కస్టమర్‌ని చేరడానికి వెబ్‌సైట్ దగ్గర రుసుము తీసుకోకూడదు అని సూటిగా రాసిన చట్టం అది.

మీ ఇంట్లో మీరు చూడాలనుకుంటే ఒక పని చేయొచ్చు. మామూలు స్పీడ్ టెస్టులు చాలాసార్లు మీ ప్రొవైడర్ దగ్గరే ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటాయి, అంటే గుమ్మం దాటకుండానే కొలుస్తాయి. ఫాస్ట్ డాట్ కామ్ అనేది నెట్‌ఫ్లిక్స్ 2016లో పెట్టింది, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తుంది. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, పొద్దున్నే ఆరింటికి ఒకసారి రెండు టెస్టులూ చేసి రాసుకోండి, ఒక వారం పాటు. మొదటిది ఎప్పుడూ నిండుగా ఉండి, రెండోది రాత్రిళ్ళు మాత్రమే పడిపోతుంటే వీపీఎన్ పెట్టి అది ఇంకోసారి చేయండి. వీపీఎన్‌తో పెరిగిందంటే ఇరుకు మీ లైన్‌లో ఉన్నట్టు కాదు, బహుశా ఆ బిల్డింగ్‌లో రెండు ర్యాకుల మధ్య ఉన్నట్టు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు రౌటర్ రీస్టార్ట్ చేయమంటే ఆ వారం రోజుల అంకెలు చదివి వినిపించి, పీరింగ్ పోర్టులు ఎప్పుడు పెంచుతున్నారో చెప్పమని అడగండి.